పేరు చెల్లించి తెచ్చుకున్న కప్పు

అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ సంస్థ 2011 అక్టోబరు 23 నుంచి ఆదివారం రాత్రుల్లో ప్రసారం మొదలుపెట్టిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ ధారావాహికలో, 2012 ఫిబ్రవరి 12న వచ్చిన పన్నెండవ భాగం ‘స్కిన్ డీప్’ అప్పటివరకు వచ్చిన వాటన్నిటికంటె నిశితమైన పరిశీలనకు తగినది. ‘లాస్ట్’ ధారావాహికకు పనిచేసిన ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హోరోవిట్జ్ అనే రచయితలు రూపొందించిన ఈ కథలో, దుష్టరాణి రెజీనా వేసిన శాపం వల్ల స్నోవైట్ మొదలుకొని జానపద కథల పాత్రలన్నీ మెయిన్ రాష్ట్రంలోని స్టోరీబ్రూక్ అనే కల్పిత పట్టణానికి చేరి, తామెవరో మరచి, ఇరవై ఎనిమిదేళ్లుగా సామాన్య పౌరులై బతుకుతుంటారు. ప్రతి భాగమూ శాపానికి ముందున్న మాయాలోకంలో ఒక పాయగా, వర్తమానంలోని స్టోరీబ్రూక్‌లో మరొక పాయగా నడుస్తుంది. జేన్ ఎస్పెన్సన్ రాసిన ‘స్కిన్ డీప్’ ఆ రెండు పాయలకు తోడు రెండు ప్రసిద్ధమైన కథలను కూడా ఒకే పాత్రలో కలిపినందువల్ల దీని అల్లిక మిగిలిన వాటికంటె చిక్కనైనది.

ఆ పాత్ర రంపుల్‌స్టిల్ట్‌స్కిన్. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన జర్మన్ కథలో ఇతడు గడ్డిని బంగారు దారంగా వడికే మరుగుజ్జు. తాను చేసిన సాయానికి ప్రతిఫలంగా రాణి కనబోయే తొలిబిడ్డను అడుగుతాడు, తన పేరు చెప్పగలిగితే మాత్రం బిడ్డను వదులుకుంటానంటాడు, చివరకు ఆ పేరు బయటపడటంతోనే ఓడిపోతాడు. జానపద కథలను ఇతివృత్తాన్ని బట్టి అంకెలతో గుర్తించే ఆర్నె–థాంప్సన్–ఊథర్ పట్టికలో ఇది 500వ రకం. రెండవ కథ ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’, అంటే సుందరి–మృగం కథ, 1740లో మదామ్ ద విల్నవ్ ఫ్రెంచిలో సుదీర్ఘంగా రాయగా, 1756లో మదామ్ లెప్రాన్స్ ద బొమాన్ క్లుప్తీకరించినది. ఆ పట్టికలో 425సి. మొదటి కథ బేరం మీద నిలిచినది, రెండవది బేరంతో మొదలైనా స్వేచ్ఛగా ఇచ్చిన మనసుతో ముగిసేది. రంపుల్‌స్టిల్ట్‌స్కిన్‌నే మృగం స్థానంలో నిలబెట్టడం వల్ల, బేరమే బతుకైనవాడు వెల లేనిదాన్ని అందుకోగలడా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ భాగానికి ప్రాణం ఆ ప్రశ్నే.

మాయాలోకపు పాయలో, ఓగర్లనే రాక్షసులతో సాగుతున్న యుద్ధంలో ఓడిపోతున్న మారిస్ ప్రభువు రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ సాయం కోరతాడు. అతడు వెలగా ప్రభువు కూతురు బెల్‌ను తన కోటలో శాశ్వతంగా పనిచేయడానికి అడుగుతాడు. తండ్రీ, పెళ్లి నిశ్చయమైన గాస్టనూ కాదంటున్నా, తన ప్రజలను కాపాడటానికి ఆమె తానుగా ఒప్పుకొంటుంది. మొదటి రోజునే అతడి క్రూరమైన హాస్యానికి ఉలిక్కిపడి ఆమె జారవిడిచిన టీకప్పు అంచు విరుగుతుంది. పట్టణానికి వెళ్లి గడ్డి తెమ్మని అతడు పంపినప్పుడు, తిరిగి రాదనే అనుకున్నా, ఆమె వస్తుంది, ముద్దు పెట్టుకుంటుంది, అతడి పొలుసుల చర్మం మానవ రూపానికి మారడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడ కథ మూలానికి ఎదురు తిరుగుతుంది. బొమాన్ కథలోని మృగం శాపవిమోచనం కోసం ఎదురుచూస్తే, ఈ మృగం దానికి భయపడతాడు, ఎందుకంటే అతడికి శాపమూ శక్తీ ఒకటే. ఒకప్పుడు ఊరంతా పిరికివాడని వెలివేసిన వడికేవాడు, కొడుకును యుద్ధానికి పోకుండా కాపాడుకోవడానికి ఆ శక్తిని సంపాదించాడన్న సంగతి ఎనిమిదవ భాగంలోనే ప్రేక్షకులకు తెలుసు గనుక, ఆ భయం నమ్మదగినదిగా ఉంది.

జానపద కథా పాత్రలకు లోపలి ప్రపంచం ఉండదని, అవి లోతు లేని ఆకృతులుగా కథ వెంట కదులుతాయని స్విట్జర్లాండ్ పండితుడు మాక్స్ ల్యూతీ 1947లో ప్రతిపాదించాడు. అందం చర్మం మందమేననే ఇంగ్లీషు నానుడిని శీర్షికగా పెట్టుకున్న ఈ భాగం చేసిన పని, ఆ పలుచని ఆకృతి వెనుక ఒక గతాన్ని నిలపడం. రాబర్ట్ కార్లైల్ నటన అందుకు ప్రధానమైన ఆధారం: వెటకారపు కీచుగొంతుతో, నాటకీయమైన చేతివిసురులతో మాట్లాడే మాంత్రికుడినీ, స్టోరీబ్రూక్‌లో చేతికర్రతో మెల్లగా నడిచే వడ్డీవ్యాపారి గోల్డ్‌నూ ఒకే మనిషిగా నమ్మించడం సులువైన పని కాదు.

అయితే ఈ ధారావాహిక పాటించే మాయాధర్మాలు గ్రిమ్ సోదరులవి అనుకుంటే పొరపాటు. గ్రిమ్ కథలో స్నోవైట్ మేల్కొనేది ముద్దుతో కాదు. శవపేటికను మోస్తున్నవారు తడబడి అది కుదుపుకు గురికాగా, గొంతులో ఇరుక్కున్న ఆపిల్ ముక్క బయటపడటంతో. నిజమైన ప్రేమతో పెట్టిన ముద్దు ఏ శాపాన్నైనా తీరుస్తుందన్న సూత్రాన్ని లోకానికి అలవాటు చేసినది ప్రధానంగా డిస్నీ చిత్రపరంపర, ఏబీసీ ఆ సంస్థదే. గాస్టన్, మారిస్ అనే పేర్లే కాక అంచు విరిగిన కప్పు కూడా డిస్నీ 1991 చిత్రం నుంచి వచ్చినవే. సొంత సరుకును మళ్లీ అమ్ముకోవడమే ఇదని కొట్టిపారేయవచ్చు గాని, ఎస్పెన్సన్ ఆ సూత్రాన్ని వాడుకున్న తీరులో దానిపై విమర్శ కూడా ఉంది. ముద్దు శాపాన్ని తీరుస్తుందని దారిలో బెల్‌కు చెప్పింది తానెవరో బయటపెట్టని రెజీనా. మందు అని తెలిసి ఇచ్చిన ముద్దులో ఎంత ప్రేమ ఉన్నా ఒక ప్రయోజనం కూడా చేరుతుంది. జీవితమంతా ప్రయోజనాల లెక్కతోనే గడిపినవాడు ఆ ఒక్కదాన్నే చూసి, ఆమె రాణి పంపిన గూఢచారి అని తేల్చుకొని, కోట నుంచి వెళ్లగొడతాడు. అతడి అనుమానం తప్పు, కాని నిరాధారం కాదు. ఆ సన్నివేశపు విషాదమంతా ఈ సందులోనే ఉంది.

రచన ఇంత పదునుగా ఉన్నా, ఒక చిక్కును మాత్రం తేలికగా దాటేసింది. బందీ తనను బంధించినవాడిని ప్రేమించడం మూలకథలోనే ఉన్న ఇబ్బంది. బెల్ చేత స్వయంగా ఒప్పించడం, పట్టణానికి స్వేచ్ఛగా పంపడం అనే రెండు మార్పులతో రచయిత్రి దాన్ని కొంత సవరించింది. కాని యుద్ధం గుమ్మం ముందుండగా ఇచ్చిన అంగీకారాన్ని స్వేచ్ఛ అనడం కష్టం. పైగా తన విధిని తానే నిర్ణయించుకునే స్త్రీగా ప్రవేశించిన బెల్ కథ చివరకు మరొకరి నోటి నుంచి వస్తుంది: తండ్రి ఇంట చిత్రహింసలు భరించలేక ఆమె గోపురం మీది నుంచి దూకి చనిపోయిందని రెజీనా చెబుతుంది, రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ నమ్ముతాడు, ఆమె స్థానంలో కప్పు మిగులుతుంది.

ఆ కప్పును అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకులకు దగ్గరి దారి ఒకటి ఉంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అతడి ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది; జానపద విజ్ఞానులు దీనిని దేహం వెలుపలి ప్రాణం అంటారు, అంటే బలవంతుడి బలహీనతను అతడికి దూరంగా, ఒక చిన్న వస్తువులోనో జీవిలోనో దాచే కల్పన. రంపుల్‌స్టిల్ట్‌స్కిన్‌కు అలాంటిది ఇదివరకే ఒకటి ఉంది: అతడి పేరు చెక్కిన బాకు ఎవరి చేతిలో ఉంటే అతడు వారికి లోబడతాడు. అది అతడి శక్తికి చిలక అయితే, కప్పు అతడి మనసుకు చిలక. స్టోరీబ్రూక్ పాయలో, అప్పు తీర్చలేక తన బండిని పోగొట్టుకున్న పూలవ్యాపారి, అంటే మారిస్ మరో రూపం, గోల్డ్ ఇంట్లో దొంగతనం చేస్తాడు. పోలీసు అధికారి ఎమ్మా మిగిలిన సొత్తంతా రాబట్టినా కప్పు దొరకదు. గోల్డ్ ఆ వ్యాపారిని పట్టి కర్రతో చావబాది జైలుపాలవుతాడు.

కప్పు రెజీనా చేతిలో ఉంది. కటకటాల ఇవతల నిలబడి ఆమె అడిగిన వెల ఒక్కటే: అసలు పేరు. గ్రిమ్ కథలో రాణి ఆ పేరును పలికి బిడ్డను దక్కించుకుంటుంది, తరువాతి కూర్పులలో మరుగుజ్జు కోపంతో తనను తానే రెండుగా చీల్చుకుంటాడు. ఇక్కడ ఎవరూ ఊహించనక్కరలేకుండా అతడే పేరు చెప్పి, శాపం తననేమీ మరపించలేదన్న ఇన్నాళ్ల రహస్యాన్ని శత్రువుకు అప్పగించి, అంచు విరిగిన కప్పు తీసుకుంటాడు. ఎదుటివారి అవసరాన్ని తూచి వెల కట్టడంలో ఆరితేరినవాడికి మొదటిసారి మరొకరు వెల కట్టారు, అతడు మారు మాట్లాడకుండా చెల్లించాడు. ఆ వెంటనే రెజీనా ఆసుపత్రి నేలమాళిగకు వెళ్లి ఒక గది తలుపుకున్న కిటికీలోంచి తొంగి చూస్తుంది. లోపల బెల్ సజీవంగా ఉంది. చిలక ఇంకా రాణి పంజరంలోనే ఉందని గోల్డ్‌కు తెలియదు.