పిడికెడు గింజలు

పిల్లలూ! 1866లో మన రాయలసీమకు ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు కర్నూలు సీమలో, ఉయ్యాలవాడ అనే ఊళ్ళో బుడ్డా వెంగళరెడ్డి అనే దాత ఉండేవాడు. ఆయన తన గాదెల్లోని ధాన్యం తీయించి, వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టించాడు. ఆ సంగతి తెలిసి విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపిందని చెబుతారు. ఆయన మీద జనం పాటలు కట్టి పాడుకున్నారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది.

"మనకు గాదెలు లేవు కదా!" అంటారా? అయితే వినండి. 1967లో అమెరికాలో, ఫీనిక్సు నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఆహార బ్యాంకు ప్రారంభించాడు. డబ్బుకు బదులు అందులో తిండిసరుకులు జమచేస్తారు. అవి లేనివారికి అందుతాయి. ఆ దేశంలో దుకాణాలవాళ్ళు ధర తగ్గించే కూపన్లు ఇస్తారు. కొందరు వాటిని దాచి, అలా మిగిలిన డబ్బుతో ఇంకొక పొట్లం కొని బ్యాంకుకు ఇస్తారు.

మనకు కూపన్లు లేకపోతేనేం? పిడికిలి ఉంది! రోజూ వంటకు ముందు అమ్మనడిగి, పిడికెడు జొన్నలో బియ్యమో ఒక డబ్బాలో వేయండి. పిడికెడు 50 గ్రాములనుకుంటే నెలకు కిలోన్నర. తరగతిలో 40 మంది వేస్తే 60 కిలోలు! పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేయండి. నెలాఖరున మీ మాస్టారితో వెళ్ళి, పొయ్యి వెలగని ఇంట ఇచ్చి రండి. అయితే, ఇచ్చిన సంగతి నలుగురిలో చెప్పుకోకండి. తీసుకున్నవారి మనసు నొచ్చుకుంటుంది.