కునుకునకు కారకులెవ్వరు?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక సంహితలను అమలులోనికి తెచ్చిన కేంద్ర ప్రభుత్వము, సురక్షితమైన పనిస్థలములకు ఇవి గట్టి పునాది యని చాటుకొనినది. ఇరువదితొమ్మిది చట్టములను నాలుగింట ఇమిడ్చిన నేర్పును మెచ్చుకొనువారు మెచ్చుకొందురు గాక. భీమవరము, ఆకివీడు ప్రాంతముల చేపల లోడుతో హౌరాకు బయలుదేరు లారీ డ్రైవరునకు క్యాబినే పనిస్థలము గనుక, ఆ భద్రత యతనికెంత అందినదో అడుగుట మా ధర్మము.

అందలేదు సరికదా, ఉన్నది ఊడినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము ఐదుగురు పనివారున్న సంస్థలకెల్ల వర్తించి, రోజునకు ఎనిమిది గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని హద్దు గీచినది. అంతకు చిన్న యజమాని చేతిలోని డ్రైవరు దాని నీడ నెన్నడును ఎరుగడు. ఆ లోపమును పూడ్చవలసిన కొత్త సంహిత, ఐదును పది చేసినది! ఒకటి రెండు లారీలతో బ్రతుకు వెళ్లదీయు యజమానులు ఊరూర నున్న ఈ డెల్టాలో, అంబాజీపేట కొబ్బరియు, రావులపాలెము అరటియు, కడియము మొక్కలును ఎవరి లారీలలో పోవుచున్నవో ఢిల్లీకి తెలియకపోవచ్చును. పది ఐదుకంటె పెద్దదని మాత్రము తెలిసియే యుండును. రక్షణ పరిధిని కుదించి దానికి భద్రతయని పేరు పెట్టుట పొరపాటు కాదు, ప్రజలకు లెక్కలు రావను ధీమా.

ఈ ధీమా నిన్నటిది కాదు. నేషనల్ పర్మిటు లారీలో ఇద్దరు డ్రైవర్లుండవలెనను నియమమును 2018లో తొలగించినదియు ఈ ప్రభుత్వమే. పగలంతయు ప్యాకింగు షెడ్డు వద్ద ఐసు, ట్రేలు ఎక్కువరకు కాచుకొని, చీకటి పడిన పిదప స్టీరింగు పట్టుకొని, ఐసు కరగకముందే సరకు చేర్చవలసిన మనిషి ప్రక్కన రెండవవాడు ఉండనక్కరలేదని నిర్ణయించిన చేతులే, అతడు కునికి ఒకరి ప్రాణము తీసినయెడల పడదగు శిక్షను రెండేండ్లనుండి ఐదేండ్లకు పెంచినవి; 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను అదియే. శిక్ష పెరిగినది, పని గంటల కాపుదల తరిగినది. ఈ రెండింటిని ఒక్కచోట చేర్చి చూచినవానికి ‘సురక్షిత పనిస్థలము’ అను మాట వినుటకే సిగ్గగును.

నిద్ర ముంచుకొని వచ్చుచుండగా బండి ఆపని డ్రైవరు నిర్దోషి యని మేమనము. రెండవ డ్రైవరు జీతబత్తెములు చిన్న యజమానికి భారమన్న మాటయు నిజమే. ఆ భారము కిరాయిలో చేరవలెను గాని ఎదురు వచ్చు మోటారు సైకిలువాని మీద పడరాదు. తెల్లవారుజామున లారీల నాపి ముఖములు కడిగించు పోలీసులను తప్పుపట్టము, నీళ్లు నిద్రకు బదులు కావని గుర్తుచేయుట తప్ప.

జపాను రోడ్డు ట్రాఫిక్ చట్టము 66వ అధికరణమున అలసిన డ్రైవరును నిషేధించి, 75వ అధికరణమున అట్లు నడపుమని ఆజ్ఞాపించిన, లేక తెలిసియు ఊరకున్న యజమానిని సైతము దోషిగా నిలబెట్టుచున్నది. మన మోటారు వాహనముల చట్టములో త్రాగి నడపుటకు 185వ సెక్షను ప్రత్యేకముగా నున్నది. నిద్ర లేక నడపుటకు గాని, నిద్ర లేకుండ నడిపించుటకు గాని అట్టి సెక్షను లేదు.

కార్మిక విషయము ఉమ్మడి జాబితాలోనిది గనుక రాష్ట్ర ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ఒక్క లారీ యున్నవానికైనను పని గంటల హద్దు వర్తించునట్లు సవరణ తేవలెను. ప్రాణనష్టము జరిగిన ప్రతి కేసులోను లోడు ఎత్తిన వేళ, ఈతకోట, కృష్ణవరము టోలుగేట్లు దాటిన వేళలు ఫాస్టాగు చిట్టా నుండి తెప్పించవలెను. గంటలు హద్దు మీరినట్లు తేలిననాడు ఎఫ్.ఐ.ఆర్.లో డ్రైవరు పేరు క్రింద యజమాని పేరును, వేళ విధించి తొందరపెట్టిన సరకుదారుని పేరును వ్రాయవలెను.