బాలబాలికలకు నీటి పాఠము

ఏటేట జూన్ 5వ తేదీన ప్రపంచ పర్యావరణ దినోత్సవము జరుగును. మన రాష్ట్రమున బడులు సాధారణముగా జూన్ రెండవ వారమునగాని తెరువబడవు. కావున బడులు తెరచిన పిమ్మట, తప్పిన తద్దినము పెట్టినట్లు, ఒకనాడు ఆ ఉత్సవమును కానిచ్చెదరు. పిల్లలచే భూగోళపు బొమ్మలు వేయింతురు. ఆకుపచ్చని దుస్తులు తొడిగింతురు. థర్మోకోలు పలకపై ప్లాస్టిక్ చెట్లు గ్రుచ్చిన నమూనా నొకదానిని తల్లిదండ్రులు రాత్రి మేలుకొని సిద్ధపరచి పంపుదురు. మూడవనాటికది చెత్తబండి పాలగును. శ్రద్ధగల ఉపాధ్యాయులు లేరని మేమనుట లేదు. కాని ఇట్టి ఉత్సవమువలన పసిబిడ్డకు బోధపడునది యొక్కటే: ప్రకృతిని కాపాడుట యనగా అంగడిలో సామాను కొనితెచ్చుట!

ఈ దుఃస్థితి హైదరాబాదు నగరపు పడమటి భాగమున, హైటెక్ సిటీ పరిసరములలో, మిక్కిలి స్పష్టముగా కానవచ్చుచున్నది. 1998లో మాదాపూర్‌నందు సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని శ్రీ అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అప్పటికి ఆ చుట్టుపట్ల రాతిగుట్టలును, పశువులు మేయు కంచలును, కుంటలును మెండు. నేడు పేర్లు మాత్రము మిగిలినవి. గచ్చిబౌలిలోని బౌలి యనగా దిగుడుబావి యని అచటి బిడ్డల కెవరు చెప్పుచున్నారు? గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గంచెరువు వారికి 2020లో కట్టిన తీగల వంతెనవలననే తెలియును. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక దేశముల పదునొకండవ మహాసభ ఈ ప్రాంతముననే జరిగినది. నాటి జ్ఞాపకముగా ఒక కూడలికి బయోడైవర్సిటీ యను పేరు నిలిచినది. ఆ మాట చెప్పినంతనే పిల్లవాని మనసులో మెదలునది పక్షియు గాదు, వృక్షమును గాదు, ఫ్లైఓవర్.

ఈ నగరమునకు నీటి చరిత్ర గొప్పది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రజలను పొట్టనబెట్టుకొనగా, శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయముల నిర్మాణమునకు పూనుకొనిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. వాని పరీవాహక ప్రాంతమును రక్షించుటకై 1996లో 111వ నంబరు ఉత్తరువు పుట్టినది. 2022లో ఆ ఆంక్షలను సడలించుచు మరియొక ఉత్తరువు వెలువడినది. ఈలోగా నగరపు దాహము పెరిగి, కృష్ణ, గోదావరి జలములను వంద కిలోమీటర్లకు మించిన దూరమునుండి విద్యుచ్ఛక్తితో ఎత్తిపోసి తెచ్చుకొనుచున్నాము. మన కాళ్లక్రింది నేల నల్లరాతి నేల. వాననీరు నిలుచుటకు పైపొరలును, రాతి పగుళ్లును తప్ప వేరు చోటు లేదు. ఆ పైపొరను సిమెంటుతో మూసివేసిన పిమ్మట బోర్లెండుటలో ఆశ్చర్యమేమి? వేసవిలో ట్యాంకరు కొరకు ఎదురుచూచుట, వర్షాకాలమున మోకాలిలోతు నీటిలో కార్లు నెట్టుకొనుట, ఈ రెండును ఒకే తప్పునకు ఫలములు.

చట్టములకు కొదువ లేదు. ప్రకృతిని రక్షించుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమున చేర్చిరి. పర్యావరణ విద్యను నిర్బంధముగా బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించి, అది సరిగా అమలుకాకుండుట గమనించి 2003లో మరల ఆజ్ఞాపించెను. ఫలితమేమి? పాఠ్యగ్రంథము లధికమయ్యెను, ప్రశ్నపత్రము లధికమయ్యెను. నీటి పొదుపుపై పది వాక్యములు కంఠస్థము చేసిన పిల్లవాడు, పలుదోముచున్నంతసేపు కొళాయి విప్పియే యుంచుచున్నాడు. న్యాయస్థానము శాసింపగలదుగాని తరగతిలోనికి వచ్చి పాఠము చెప్పజాలదు.

చేతికి పనిలేని చదువు మనసునకు పట్టదని గాంధీమహాత్ముడు 1937లో వార్ధా విద్యా మహాసభలో చాటెను. ఆ సభ నియమించిన సంఘమునకు అధ్యక్షుడు మన హైదరాబాదులోనే జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్. వారు చేతిపనిని విద్యకు మూలముగా చేయదలచిరి. నేడు రాట్నమునకు బదులు వర్షమానిని, ఇంకుడు గుంతను మన బడులు చేపట్టవచ్చునని మా యభిప్రాయము.

ఇందుకు ధనము గాని, నిపుణులు గాని అక్కరలేదు. ఐదారేండ్ల పిల్లలు కారుచున్న కొళాయిక్రింద చెంబు పెట్టి, అది నిండుట కెంతసేపు పట్టునో చూడవచ్చును. క్షణమున కొక బొట్టు కారినను దినమునకు సుమారు నాలుగు లీటర్లగును. ఈ మాట వినిన బిడ్డ మరచును. కొలిచిన బిడ్డ మరువదు. ఏడెనిమిదేండ్లవారు పక్కలు నిటారుగానున్న సీసాకు కొలబద్ద అంటించి వర్షమానిని చేసికొని, ప్రతి వానను గోడమీది పట్టికలో వ్రాయవచ్చును. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుగల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన కురిసిన వేయి లీటర్లు. మన నగరమున ఏటికి ఇంచుమించు 80 సెంటీమీటర్ల వాన పడును. అనగా 80,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు పదునారు! ఈ లెక్క చేసిన పిల్లలు తమ బడి మిద్దెనీరు వీథి మురుగులో కలియుచుండ చూచి యూరకుందురా? వారే మేస్త్రీతోకూడి గుంత త్రవ్వించి, అడుగున పెద్దరాళ్లు, దానిపై కంకర, ఆపై ఇసుక నింపుదురు. ఏటేట పూడిక తీయుదురు.

మన పండుగలందును ఈ విద్య యున్నది. బంకమట్టితో వినాయకుని చేయుట, ఇరువదియొక్క రకముల పత్రిని గుర్తించుట, బతుకమ్మకు తంగేడును గునుగును పొలముగట్ల వెంట తిరిగి తెచ్చుట, ఇవన్నియు మన తాతలనాటి ప్రకృతి పాఠములే. పత్రిని పొట్లముగా కొనుట నేర్చిన పిదప పాఠము పోయినది, పూజ మాత్రము మిగిలినది.

ఇందువలన చదువు చెడునని కొందరందురు. పై లెక్కలు గణితము గాదా? పట్టిక వ్రాయుట భాష గాదా? 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి పదిదినములు పుస్తకాల సంచి లేని చదువును సూచించినది. చిన్న తరగతులకు వారమున కొక గంట యిచ్చుట అసాధ్యమా? తప్పు చేసినది పెద్దలు గదా, భారము పసివారిపై మోపుట న్యాయమా యని మరికొందరందురు. ఈ యాక్షేపణ బలమైనది. నగరమును రక్షించు పని పిల్లలది కాదు. వారిని భయపెట్టుటయు తగదు. వాననీటి సంరక్షణను, భూగర్భజల రక్షణను కోరు వాల్టా చట్టము 2002 నుండియు కలదు. దానిని పాటించవలసినవారు భవన యజమానులు, పాటింపజేయవలసినవారు అధికారులు. మురుగు కలిసిన చెరువులో పిల్లలు చేయిపెట్టుటయు కూడదు. పెద్దలు వెంటరాగా కట్టమీద నడచి తూమెక్కడ, మత్తడి యెక్కడ, వరదకాలువను మూసిన గోడ యెక్కడ యని చూచి వచ్చిన చాలును.

ఆ చూపునకే విలువ యెక్కువ. 2025లో కంచ గచ్చిబౌలి యందలి 400 ఎకరములలో యంత్రములు చెట్లు కూల్చుచుండగా ముందుగా అడ్డుపడినవా రెవరు? ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసెను. ఆ విద్యార్థులు ఆ నేలపై నడచినవారు. అచటి నెమళ్లను, జింకలను కన్నులార చూచినవారు. తాను చూడని చెరువుకొరకు ఎవడును వ్యాజ్యమాడడు. హద్దురాయి జరిగినదని చెప్పుటకు, అది మునుపెక్కడ నుండెనో యెరిగిన సాక్షి కావలెను. నేటి పదేండ్ల బిడ్డలకు చెరువు చూపకున్నచో, ఇరువది యేండ్లకు సాక్షియే యుండడు.

కావున మా కోరిక స్వల్పము. ఈ వర్షాకాలము ముగియకముందే ప్రతి బడియందును ఒక వర్షమానిని, ఒక ఇంకుడు గుంత వెలయవలెను. దీనికి మార్కులు వలదు, బహుమతులు వలదు. గేటెడ్ కాలనీల బిడ్డలును, ఆ భవనములు కట్టుచున్న కూలీల బిడ్డలును ఒకే చెరువుకట్టపై నడువవలెను. ట్యాంకరు నీటికై బిందె మోసిన బాలిక ఆనాడు తక్కినవారికి గురువగును. పఠనాలయములయందు ఈ పత్రిక చదువుచున్న సోదరులు తమ బడుల ప్రధానోపాధ్యాయులను ఈ వారమే కలిసికొని, మీ మిద్దెనీరు ఎటు పోవుచున్నదని యడుగ ప్రార్థన. తమ యింటి మిద్దెను ముందుగా చూచుకొని మరీ యడుగుదురుగాక.