తలాంతా, పట్టుదలా?

బాక్సింగులో గొప్పవారిని చేసేది తలాంతా, పట్టుదలా అని చీరాలలో ఒక నేతపనివారి అబ్బాయి నన్నడిగాడు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ సంగతి చెప్పాను. 2011లో, 14 ఏళ్లకే జూనియర్ ప్రపంచ విజేత అయింది. తలాంతుకు కొదువ లేదు. అయితే 2017లో భుజానికి గాయమై ఏడాదిపాటు ఆటకు దూరమైంది. 2019 డిసెంబరులో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చే పోటీలో మేరీ కోమ్ చేతిలో 9–1తో ఓడింది. ఇంటికి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమె వెళ్లలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. నా మట్టుకు నేను పట్టుదలకే ఎక్కువ మార్కులు వేస్తాను.

"మరి ఒలింపిక్ పతకం?" అన్నాడు అబ్బాయి. లేదు నాయనా, 2024లో పారిస్ నుండి వట్టి చేతులతోనే తిరిగివచ్చింది. పట్టుదల తగ్గి మాత్రం కాదు.