జింకు అమ్మకము – విశాఖ లెక్క

ప్రభుత్వపరిశ్రమలను ప్రైవేటుపరము గావించినచో వాని పనితీరు మెరుగుపడునా యను చర్చ వచ్చినప్పుడెల్ల, అగునని వాదించువారు ముందుగా చూపు ఉదాహరణము హిందుస్థాన్ జింకు. 1966లో స్థాపితమైన ఆ సంస్థలో 26 శాతము వాటాను కేంద్రప్రభుత్వము 2002లో 445 కోట్ల రూపాయలకు స్టెరిలైట్ వర్గమువారి కమ్మి, యాజమాన్యమును సైతము వారికే అప్పగించినది. మరుసటి యేటికే వారి వాటా 65 శాతమునకు చేరువైనది. అమ్మకము నాటికి ఏటా లక్షా డెబ్బదివేల టన్నుల జింకు తీయగల స్తోమత మాత్రమే గల ఆ సంస్థ నేడు జింకు, సీసము కలిపి పదిలక్షల టన్నులకు పైబడి ఉత్పత్తి చేయుచున్నది. ఈ వృద్ధిని కాదనుట మూర్ఖత్వము.

అయితే దీనికి కారణమేమి? కొంత నిశ్చయముగా క్రొత్త యజమాని చొరవయే. సర్కారు పద్ధతిలో నొక కర్మాగారపు విస్తరణ దస్త్రము ఢిల్లీలో శాఖనుండి శాఖకు ప్రయాణించు కాలములో లోహపు ధర పెరుగుటయు, తరుగుటయు రెండును ముగియును. క్రొత్తవారు 2005 నాటికే రాజస్థానములోని చందేరియాలో, అంతకు మునుపటి సంస్థ మొత్తమునకు సరితూగునంతటి కర్మాగారమును నడిపింపసాగిరి. కాని ఆ అదనులో అదృష్టమును కలదు. 2002లో టన్ను 800 డాలర్ల దరిదాపుల నున్న జింకు ధర 2006 చివర 4,000 డాలర్లు దాటినది. ఆ దశాబ్దముననే ఇనుప ఖనిజమునకు గిరాకి పెరుగగా, హైదరాబాదు కేంద్రముగాగల ఇనుపఖనిజ సంస్థ ఎన్.ఎం.డి.సి. ప్రభుత్వము చేతిలో నుండియే తన లాభములను అనేక రెట్లు పెంచుకొన్నది. పైగా ఈ సంపదకంతకు మూలమైన రాంపుర-అగూచా గనిలో త్రవ్వకములు ఆరంభమైనది ప్రభుత్వ యాజమాన్యకాలముననే. సంస్థ అమ్మకమునాటికి నష్టములలోను లేదు.

ఇక మన విశాఖ సంగతి. అదే సంస్థకు చెందిన జింకు కర్మాగారము 1977 నుండి విశాఖపట్టణమున నడచినది. అదే యజమాని, అదే అమ్మకపు పత్రము, అదే నిర్వహణదక్షత. కాని ఖనిజము రాజస్థానము నుండి రావలెను, విద్యుద్విశ్లేషణమునకు కావలసిన అపారమైన విద్యుత్తును కొనవలెను. గనుల చెంతనే సొంత విద్యుత్కేంద్రములతో క్రొత్త కర్మాగారములు వెలసిన పిదప విశాఖలోని పాతది బరువై, 2012లో మూతపడినది. వాటాదారుని దృష్టిలో నిది సమర్థత. ఆ మూసివేత లాభనష్టముల పట్టికకు మేలే చేసియుండును. విశాఖలోని మల్కాపురము పరిసరములలో బ్రదికిన కార్మికునకు ఆ పట్టికలో పంక్తియే లేదు. ప్రభుత్వసంస్థగా నున్నను దూరము తగ్గెడిది కాదు, నిజమే. కాని మూతవేయుటకు మునుపు పార్లమెంటులో నొక ప్రశ్నకైనను మంత్రి సమాధానము చెప్పవలసి వచ్చియుండును.

విచిత్రమేమనగా, ఈ వ్యవహారమున ఖజానాకు దండిగా ముట్టినది అమ్మిన వాటావలన గాదు, అప్పుడు అమ్మకుండ మిగిల్చుకొన్న 29.54 శాతము వలన. ఒక్క 2022–23లోనే షేరునకు 75 రూపాయల 50 పైసల చొప్పున సంస్థ ప్రకటించిన డివిడెండులో ప్రభుత్వము పాలు తొమ్మిదివేల కోట్లకు పైమాటే. తక్కిన వాటాను గూడ అమ్మివేయుడని నాడు సలహా చెప్పినవారి సంఖ్య తక్కువేమియు కాదు.

2021 జనవరిలో విశాఖ ఉక్కును నూరుశాతము అమ్ముటకు కేంద్రమంత్రివర్గ ఉపసంఘము సూత్రప్రాయముగా నంగీకరించినప్పుడు ఈ లెక్కలన్నియు నెవరైనను ముందుంచుకొనిరా యని నా సందేహము. ఆ కర్మాగారమునకు పుట్టుకనుండియు సొంత ఇనుపగని లేదు. బజారు ధరకు ఖనిజము కొని, తెచ్చిన అప్పులకు వడ్డీ కట్టి, సొంతగనులుగల సంస్థలతో పోటీపడుచున్నది. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల సాయమున గని లేదు. గనిగల ప్రైవేటు సంస్థ దానిని కొన్నచో లాభములు రావచ్చును. ఆ గనినే ప్రభుత్వము తన కర్మాగారమునకు కేటాయించినచో రాకుండునా? ఈ ప్రశ్నకు ఉత్తరము వచ్చుదాక యజమాని మార్పును ఔషధమని నమ్ముటకు నాకు మనసొప్పదు. ఒకవేళ అమ్మకమే అనివార్యమైనచో, కొలుములు ఎన్నేండ్లు ఆరకుండవలెనో, అవి ఆరినపిమ్మట నిర్వాసితులు విడిచిన ఇరువదివేల యెకరముల భూమి ఎవరికి చెందునో సంతకములకు ముందే పత్రములో వ్రాయించవలెను.