కరెంటు అనే ఒక్క మాట

కరెంటు పోయింది. కరెంటు బిల్లు కట్టాలి. కరెంటు కొట్టింది. ఈ మూడు వాక్యాల్లో కరెంటు ఒక్కటి కాదు. పోయింది సరఫరా. బిల్లు కట్టేది శక్తికి: వంద వాట్ల బల్బు 10 గంటలు వెలిగితే ఒక యూనిట్. ఒంట్లోంచి పాకి మనిషిని విసిరికొట్టింది మాత్రమే నిజంగా ప్రవాహం. ఇళ్లకు వచ్చేది ఏసీ కాబట్టి తీగలోని ఎలక్ట్రాన్లు ఎక్కడికీ ప్రయాణం చేయవు, సెకనుకు 50 సార్లు ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి. మనం కొనుక్కునేది ఆ ఊగులాట మోసుకొచ్చే శక్తిని.

బడి పుస్తకం తెరిస్తే వేరే లోకం. విద్యుదావేశం, నిరోధం, పొటెన్షియల్ భేదం. పొలం నుంచి వచ్చిన నాన్న "ఓల్టేజీ లేదు, మోటారు ఎత్తుకోవడం లేదు" అంటాడు. పక్కనే కూర్చుని పొటెన్షియల్ భేదం నిర్వచనం వల్లెవేస్తున్న పిల్లకు, నాన్న చెప్పిందీ తాను చదువుతున్నదీ ఒకటేనని ఎవరూ చెప్పరు. మా బాధ అదే.

సంస్కృత పదాలతో మాకు పేచీ లేదు. 1600లో శాస్త్రవేత్త గిల్బర్ట్ ఈ శాస్త్రం పేరుకు మూలమైన మాటను తయారుచేసేటప్పుడు రుద్దితే గడ్డిపోచల్ని లాగే రాయిని తలుచుకున్నాడు, గ్రీకులో ఆ రాయి పేరే ఎలక్ట్రాన్. మనకూ ఆ రాయికి తృణమణి అన్న చక్కటి పేరుంది. అయినా మనవాళ్లు రాయిని వదిలి మెరుపును పట్టుకున్నారు. విద్యుత్ అంటే మెరుపే. మెరుపులో ఉన్నది విద్యుత్తేనని 1752 నాటి ప్రయోగాలు తేల్చాయి కాబట్టి, ఆ ఎంపిక అందంగానే కాదు, సరిగ్గా కూడా ఉంది.

సాగునీళ్లు తెలిసినవాడికి మిగతా మాటలు చెప్పడం తేలిక. ట్యాంకు ఎత్తు ఓల్టేజీ, పైపులో పారే నీళ్లు ఆంపియర్లు, పైపు సన్నదనం నిరోధం. ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ఇంతే. కానీ ఈ పోలిక ఒకచోట తెగుతుంది, ఆ చోటే ప్రాణాలు తీస్తుంది. తెగిన పైపులోంచి నీళ్లు కారిపోతూ కంటికి కనిపిస్తాయి. తెగి వేలాడే తీగలోంచి ఏమీ కారదు. చచ్చినదానిలా ఉంటుంది, నేలకు దారి దొరికేదాకా.

పిట్ట తీగ మీద వాలినా దానికేమీ కాదు, రెండు కాళ్లూ ఒకే ఓల్టేజీలో ఉన్నాయి గనుక. అదే తీగ తెగి తడి చేలో పడితే, పడినచోట నేల ఓల్టేజీ ఎక్కువ, దూరం జరిగేకొద్దీ తక్కువ. ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్య చాలా ఎడం ఉన్న ఎద్దు ఆ తేడాలో చిక్కుకుంటుంది. మనిషైనా అంగలు వేసి పరుగెత్తకూడదు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని, నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటపడాలి. ఓల్టేజీ అన్నప్పుడు మన నోటినుంచి జారిపోయిన ఆ 'భేదం', పుస్తకంలో పిల్లకు బరువుగా తోచిన ఆ 'భేదం', ఇక్కడ చావుబతుకుల మధ్య దూరం.

లైన్‌మన్లూ మోటారు వైండింగ్ చేసేవాళ్లూ తమ పనిలో వాడే మాటల్ని, వాటి అర్థాలతో సహా, రాసి పంపమని కోరుతున్నాం. వచ్చే సంచిక నుంచి వాటిని పాఠ్యపుస్తకం మాటల పక్కన అచ్చువేస్తాం.