ఈసుకుపోయిన దూడను ఉత్తి చేతులతో తీయొద్దు

గేదె నెలలు నిండకుండా ఈసుకుపోతే ఉత్తి చేతులతో దాని దగ్గరికి వెళ్లొద్దు. పడిపోయిన పిండాన్ని, మాయను, కారిన ఉమ్మనీటిని ఒంటికి తగలనివ్వొద్దు. ఆవైనా, గొర్రైనా, మేకైనా ఇదే జాగ్రత్త. మన దగ్గర గేదెలు ఎక్కువగా ఈనేది వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం ముగిసేలోపు. కాబట్టి పాడి ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాట ఇప్పుడే చేరాలి. ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లకు చేరాలి. అర్ధరాత్రి పశువు నొప్పులు పడుతుంటే లాంతరో సెల్‌ఫోనో పట్టుకుని కొట్టంలోకి వెళ్లేది, దూడను బయటికి లాగేది, మాయ పడేదాకా కూర్చునేది, తెల్లారాక ఆ చోటంతా ఊడ్చి కడిగేది చాలా ఇళ్లలో వాళ్లే.

చూడి పశువు ఈసుకుపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో మనిషికి బాగా ప్రమాదకరమైనది బ్రూసెల్లోసిస్. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి పశువు గర్భసంచిలో చేరి, సాధారణంగా చూడి చివరి నెలల్లో పిండాన్ని పడేస్తుంది. పడిన మాయలో, ఉమ్మనీటిలో ఆ క్రిములు కోట్లకొద్దీ ఉంటాయి. గడ్డి కోసి కోసి పగుళ్లు బారిన చేతుల్లోంచి, కళ్లలో పడిన తుంపరలోంచి, ఊడ్చేటప్పుడు లేచే దుమ్ములోంచి అవి మనిషి ఒంట్లోకి చేరతాయి. మరో చిక్కు ఉంది. చాలా పశువులు ఒకసారి ఈసుకుపోయాక మళ్లీ మామూలుగానే ఈనుతాయి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ పాలలో, ఈనినప్పటి స్రావాల్లో క్రిమిని వదులుతూనే ఉంటాయి. ఇంట్లోవాళ్లు మాత్రం గండం గడిచిందనుకుంటారు.

మనిషికి సోకితే వచ్చీపోయే జ్వరం, రాత్రిపూట ఒళ్లంతా చెమట, కీళ్ల నొప్పులు, నడుం నొప్పి, లేవలేని నీరసం. టైఫాయిడ్ అనుకుని వారం రోజుల మందులు వాడతారు, కాస్త తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. మగవాడు మంచం పడితే పట్నం ఆసుపత్రికి తీసుకెళతారు. ఆడమనిషి నడుం నొప్పంటే పని ఎక్కువై వచ్చిందంటారు, ఆమె కూడా అదే నమ్ముతుంది. అలా నెలలు గడిస్తే వెన్నుపూస దెబ్బతినొచ్చు. నిజానికి ఈ జబ్బు నయమవుతుంది. రెండు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి, మధ్యలో మానకూడదు. ముందుగా ఆ జబ్బని అనుమానించాలి కదా! ఆ అనుమానమే రావడం లేదు.

ఈ క్రిమి సంగతి శాస్త్రానికి కొత్తేమీ కాదు. మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులను పీడించిన జ్వరానికి కారణమైన క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ గుర్తించాడు. అది మేకల నుంచి వస్తోందని 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ తేల్చాడు. మరుసటి ఏడే సైనికులకు మేకపాలు ఆపేశారు, వాళ్లలో జ్వరాలు అమాంతం తగ్గిపోయాయి. మేకలు పెంచుకుని బతికే స్థానికులను మాత్రం ఆ జబ్బు ఏళ్ల తరబడి వదల్లేదు. ఎవరి ప్రాణానికి విలువ కట్టారో వాళ్లకే పరిశోధన ఫలం అందింది. మన పాడి ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

డబ్బు లేదనడానికి వీల్లేదు. గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల అదుపు కోసం కేంద్రం 2019లో 13,343 కోట్ల రూపాయలతో ఐదేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి బ్రూసెల్లోసిస్ రాకుండా ఎస్-19 టీకా వేస్తే చాలు. ఆ టీకా మన హైదరాబాద్ కంపెనీలోనే తయారవుతోంది. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదముంది. కాబట్టి ఆ నాలుగు నెలల గడువు దాటితే అవకాశం పోయినట్టే. మరి ఏ పెయ్య ఏ నెలలో పుట్టిందో, ఏ గేదె చూడితో ఉందో ఊళ్లో ఎవరికి తెలుసు? పాలు పితికే ఆమెకు తెలుసు. దండోరా, ఫోన్ సందేశం, పశువు చెవిపోగు నమోదు, సంతకం మాత్రం ఇంటి యజమాని పేరున నడుస్తాయి. టీకాల రోజు ఆమె కూలికి పోయి ఉంటే పెయ్య కట్టుకొయ్య దగ్గరే ఉండిపోతుంది.

గొర్రెలు, మేకల సంగతి ఇంకా అన్యాయం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. గొర్రెలు, మేకల్లో ఉండే బ్రూసెల్లా రకమే మనిషిని ఎక్కువగా బాధిస్తుంది. అయినా పైన చెప్పిన కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, గేదె పెయ్యలకే పరిమితం. మందలో తల్లిని కోల్పోయిన పిల్లకు సీసాతో పాలు పట్టేవాళ్లకు, ఈనే గొర్రె పక్కన కూర్చునేవాళ్లకు ఏ రక్షణా లేదు.

పశువుల ద్వారా మహిళల చేతికి ఆదాయం రావాలన్న ఆలోచన మంచిది, దాన్ని ఇంకా పెంచాలి. ములుకనూరు మహిళా డెయిరీ, 2014లో తిరుపతి కేంద్రంగా పుట్టిన శ్రీజ పాల సంస్థ ఆడవాళ్లు ఏం చేయగలరో చూపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన చేయూత పథకం 45 నుంచి 60 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు నాలుగేళ్లలో 75,000 రూపాయలు ఇస్తానంది, దానితో పాడిపశువులు, గొర్రెలు, మేకలు కొనుక్కొమ్మని ప్రోత్సహించింది. పొదుపు సంఘాల అప్పులతో గేదెలు కొన్నవాళ్లు ఊరూరా ఉన్నారు. అయితే ఆ గేదె ఎక్కడి నుంచి వస్తుంది? సంత నుంచి. ఈసుకుపోయిన గేదెను ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, ఎందుకు అమ్ముతున్నారో చెప్పరు. ఒక ఇంటి జబ్బు మరో ఇంటికి అప్పుతో సహా చేరుతుంది. దూడ దక్కదు, పాలు తగ్గుతాయి, గేదె మళ్లీ త్వరగా చూడి కట్టదు, వాయిదా మాత్రం ఆగదు. దానికి తోడు గేదెను కొన్న ఆమెకు జ్వరం. ఇలా ఇచ్చిన పశువును సాధికారత లెక్కలో రాసుకోవడం తప్పు.

పశువులో ఈ జబ్బును పట్టే రోజ్ బెంగాల్ అనే పరీక్షకు ఒక్క చుక్క రక్తరసి చాలు, నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. మహిళల పేరున అప్పిచ్చే ప్రతి బ్యాంకు, సంఘం, పథకం ఈ పరీక్ష లేకుండా పశువును కొననివ్వకూడదు. పాల కేంద్రానికి వచ్చే పాలను మిల్క్ రింగ్ పరీక్ష చేసి ఏ ఊళ్లో జబ్బు ఉందో పసిగట్టొచ్చు. ఆ ఖర్చు డెయిరీలు పెట్టుకోవాలి. తిరుపతి, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య విశ్వవిద్యాలయాలు పశువు రక్తం తీసిన రోజే, సమ్మతి తీసుకుని ఆ ఇంటి మహిళల రక్తం కూడా వైద్యశాఖతో కలిసి పరీక్షించాలి. పశువైద్యుడి దగ్గర మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ ఉంటాయి. ఆయన రాకముందే దూడను లాగేసే ఆమెకూ ఒక జత ఉండాలి. పశువుల పరిశోధనకు కేటాయించే డబ్బులో ఇలాంటి పనులకు ప్రత్యేకంగా నిధి చూపించాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఇంట్లో చేయాల్సినవి ఆగవు. గ్లవ్స్ లేకపోతే మందపాటి పాలిథిన్ సంచులు మోచేతి దాకా తొడిగి కట్టుకోండి, ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకోండి. పిండాన్ని, మాయను పెంట మీద పారేయొద్దు. కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. అక్కడి మట్టి మీద బ్లీచింగ్ పొడి నీళ్లు పోయండి. ఆ పశువును మిగతావాటికి దూరంగా కట్టండి. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేసి పరీక్ష చేయమని అడగండి, ఫలితం వచ్చేదాకా అమ్మొద్దు. పాలు పొంగే దాకా కాచండి. పిల్లలకు నురుగు పాలు పట్టొద్దు. డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలు తాగిస్తున్నారు, అది మానండి. జున్ను బాగా ఉడకనివ్వండి.

జ్వరం వారం దాటితే డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి: మా ఇంట్లో పశువులున్నాయి, ఫలానా నెలలో ఒకటి ఈసుకుపోయింది, బ్రూసెల్లా పరీక్ష రాయండి అని. ఇక ఇంట్లో గర్భిణి ఉంటే ఈ జబ్బు ఆమె కడుపులో బిడ్డకూ ముప్పే, గర్భస్రావం కావచ్చు. ఆ నెలల్లో పశువు ఈనినా, ఈసుకుపోయినా ఆమెను కొట్టం గడప దాటనివ్వొద్దు. చేతులకు సంచులు కట్టుకుని ఆ పని ఇంటి మగవాళ్లు చేయాలి.